డెస్క్‌టాప్ మీద ‘సహాయం’: ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ 14

ఇవాళ అంబాజీపేట వెళ్ళొచ్చాను. కొబ్బరి కొట్టులో బిల్లు ప్రింట్ రావడం లేదని పొద్దున్న ఏడింటికే ఫోన్. లోడు ఎక్కిన లారీ గుమ్మంలో నిలబడి ఉంది, బిల్లు చేతికొస్తే గాని కదలదు. పావుగంటసేపు ఫోన్లోనే ప్రయత్నించాం. కేబుల్ పీకి పెట్టారు, కాగితం సర్దారు, ప్రింటర్ ఆపి మళ్ళీ వేశారు. ఏదీ పని చేయలేదు. బండి తీశాను.

వెళ్ళి చూస్తే ప్రింటర్ శుభ్రంగా ఉంది. ముందురోజు ఎవరో ఒక బిల్లును పీడీఎఫ్‌గా దాచుకున్నారు. చివరిసారి వాడిన ప్రింటర్‌నే డీఫాల్ట్‌గా ఉంచే సెట్టింగు ఒకటి విండోస్‌లో ఉంటుంది, అది ఆన్‌లో ఉంది. దాంతో అప్పటినుంచి బిల్లులన్నీ కాగితం మీదకు రాకుండా పీడీఎఫ్ వైపు పోతున్నాయి. ఆ టిక్కు తీసేసి అసలు ప్రింటర్‌ను ఎంచుకోవడానికి అర నిమిషం పట్టింది. రాకపోకలకు గంట దాటింది. ఆ గంటసేపూ లారీ, డ్రైవరు, ఇద్దరు కూలీలు ఎదురుచూస్తూనే ఉన్నారు.

అమలాపురంలో కంప్యూటర్ రిపేరు షాపు పెట్టినప్పటి నుంచి నా పనిలో సగం ఇలాంటిదే. స్క్రూడ్రైవర్‌తో పని లేదు, వాళ్ళ స్క్రీను నా కళ్ళ ముందు ఉంటే చాలు. వీడియో కాల్ పెట్టి ఫోన్‌ను మానిటర్ వైపు తిప్పమంటే గీతలు గీతలుగా కనిపిస్తుంది, అక్షరాలు చదవలేం, పైగా వాళ్ళకు ఒక చేతిలో ఫోన్, ఒక చేతిలో మౌస్. “కింద ఎడమ మూల నొక్కండి” అంటే ఏ మూల నొక్కారో నాకు తెలియదు.

దీనికి ఒక ఏర్పాటు చేసుకోవాలి. ఇవాళే అనుకున్నాను, ఇవాళే రాసి పెడుతున్నాను. షరతు ఒక్కటే: అవతలి మనిషి చేయాల్సింది ఒకే పని అయి ఉండాలి. చదువు, వయసు, కళ్ళజోడు నంబరు ఏదైనా సరే చేయగలిగేంత చిన్న పని.

జూన్ 18

మూడు రోజులుగా ఉన్నవాటినే పరీక్షిస్తున్నాను. కొత్తగా కట్టే ముందు కట్టి ఉన్నవేమిటో చూడాలి కదా.

విండోస్‌తో వచ్చే రిమోట్ డెస్క్‌టాప్ నా పనికి కుదరదు. ఇళ్ళలో ఉండేవి చాలావరకు హోమ్ ఎడిషన్లు, వాటిలోకి అలా బయటినుంచి రానివ్వదు. ప్రో ఎడిషన్ ఉన్నా నేను లోపలికి వెళ్ళగానే అక్కడి స్క్రీను లాక్ అయిపోతుంది. నేను ఏం చేశానో ఆ మనిషికి కనిపించకపోతే వచ్చే వారం అదే సమస్యకు మళ్ళీ ఫోన్ చేస్తారు. దానికోసం 3389 పోర్టును (సిస్టమ్‌లోకి కనెక్షన్లు వచ్చే తలుపుల్లో ఒకదాని నంబరు) ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టడం ఇంకా ప్రమాదం. పాస్‌వర్డులు ఊహించుకుంటూ ఆ పోర్టు కోసం వెతికే ప్రోగ్రాములు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి.

క్విక్ అసిస్ట్ బాగుంది, నిజంగానే బాగుంది. విండోస్ 10లో 2016 నుంచి ఉంది. కంట్రోల్, విండోస్, క్యూ మూడు కీలు కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. నేను ఇచ్చిన కోడ్ పది నిమిషాల్లోపు వాళ్ళు కొట్టాలి. మైక్రోసాఫ్ట్ ఖాతా నాకు ఉంటే చాలు, వాళ్ళకు అక్కర్లేదు. కొత్త సిస్టమ్ ఉన్నవాళ్ళకు ఇదే వాడమని చెబుతాను. కానీ మా చుట్టుపక్కల కొట్లలో విండోస్ 7 ఇంకా నడుస్తోంది. మార్చమంటే “అది చెడలేదు కదండీ, ఎందుకు మార్చడం?” అంటారు. పైగా మూడు కీలు ఒకేసారి నొక్కడం మా పెద్దమ్మ లాంటివాళ్ళకు చిన్న పని కాదు.

ఇంకో పేరున్న యాప్‌ను కొన్నాళ్ళు వాడాను. సొంత వాడకానికి ఉచితం, వ్యాపారానికి డబ్బు కట్టాలి. నాలుగు రోజులు వాడేసరికి వ్యాపారానికి వాడుతున్నట్టుందని కనెక్షన్ ఆపేసింది. వాళ్ళ నిబంధన న్యాయమైనదే, నేను షాపు నడుపుతున్నాను. ఏడాదికి కట్టాల్సిన మొత్తం మాత్రం నా షాపు మోయలేదు.

జూన్ 22

ఈ పనిలో అసలు ముడి ఎక్కడుందో ఇవాళ మా షాపు తమ్ముడికి కూర్చోబెట్టి చెప్పాను. చెప్పేటప్పుడే నాకూ స్పష్టమైంది.

మా గోదావరి లంకల్లో ఒక ఇల్లు ఉందనుకో. పడవ ఎప్పుడూ లంక వైపే కట్టి ఉంటుంది. లోపలివాళ్ళు ఎప్పుడు కావాలంటే అప్పుడు పడవెక్కి ఒడ్డుకు రాగలరు. ఒడ్డున ఉన్నవాడు ఎంత అరిచినా లోపలికి వెళ్ళలేడు. ఇంటి రూటర్ వెనక ఉన్న కంప్యూటర్ పరిస్థితి అదే. అది బయటకు వెళ్ళి ఏ వెబ్‌సైటునైనా తెచ్చుకుంటుంది, బయటినుంచి మాత్రం దాని దగ్గరకు దారి లేదు.

అద్దెకు ఒక బయటి చిరునామా దొరికితే రూటర్‌లో దారి తెరవొచ్చు. మా కేబుల్ నెట్ రూటర్ తెరిచి చూశాను. దాని నెట్ చిరునామా (ఐపీ) 100.72తో మొదలైంది. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న చిరునామాలను నెట్ కంపెనీలు తమ లోపలి వాడకానికి పెట్టుకుంటాయి, 2012లో వాటిని ఇందుకోసమే విడిగా కేటాయించారు. అంటే ఒకే బయటి చిరునామా వెనక ఎన్నో ఇళ్ళు ఉన్నట్టు. లంక చుట్టూ ఇంకో ఏరు. నా రూటర్‌లో నేను ఏ దారి తెరిచినా అవతలి ఏరు నా చేతిలో లేదు. ఫోన్ నెట్‌లోనూ సాధారణంగా ఇదే ఏర్పాటు.

కాబట్టి ఇద్దరూ పడవేసుకుని బయటకు వచ్చి కలుసుకునే రేవు ఒకటి కావాలి. ఆ రేవు నాది అయితే ఎవరి నిబంధనకూ లోబడాల్సిన పని లేదు. నెలకు కొన్ని వందల రూపాయలకు చిన్న అద్దె సర్వర్ తీసుకున్నాను. దాని మీద రస్ట్‌డెస్క్ సర్వర్ పెడదామని నిర్ణయం. దూరం నుంచి ఇంకో సిస్టమ్ స్క్రీను చూసి నడిపే సాఫ్ట్‌వేర్ అది. ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి పెట్టినది, ఏజీపీఎల్ లైసెన్సు, షాపులో వాడుకున్నా ఎవరూ అడ్డు చెప్పరు.

జూన్ 29

రెండు సాయంత్రాలు పోయాయి.

సర్వర్‌లో రెండు ప్రోగ్రాములు నడవాలి. హెచ్‌బీబీఎస్ అనేది పరిచయం చేసే రేవు. ఏ ఐడీ ఎక్కడుందో దానికి తెలుసు, రెండు కంప్యూటర్లను ఒకదానికొకటి చూపించి నేరుగా మాట్లాడుకోమంటుంది. నేరుగా కుదరనప్పుడు స్క్రీనంతా తన మీదుగా మోసేది హెచ్‌బీబీఆర్. మొదటిదానికి 21115, 21116 పోర్టులు. రెండోదానికి 21117.

అన్నీ తెరిచాను, ప్రోగ్రాములు నడుస్తున్నాయి, అయినా నా లాప్‌టాప్ మీద సిద్ధంగా లేదనే చూపిస్తోంది. సర్వర్‌ను చెరిపేసి మళ్ళీ పెట్టాను. అదే. ఈ రాత్రి తొమ్మిదింటికి దొరికింది. నెట్‌లో సమాచారం పంపే పద్ధతులు రెండు, టీసీపీ, యూడీపీ. 21116ను టీసీపీకి మాత్రమే తెరిచాను, ఆ ఒక్క పోర్టుకు యూడీపీ కూడా కావాలి. ‘నేను ఇక్కడ ఉన్నాను’ అని ప్రతి కంప్యూటరూ సర్వర్‌కు చెప్పుకునేది యూడీపీ మీదే. సర్వర్ లోపలి ఫైర్‌వాల్‌లో తెరిచిన తర్వాత అద్దెకిచ్చినవాళ్ళ ప్యానెల్‌లో ఇంకో ఫైర్‌వాల్ ఉందని గుర్తొచ్చింది, అక్కడా తెరిచాను. వెంటనే ఆకుపచ్చ చుక్క వెలిగింది.

ఈ దారిలో వచ్చే ఇంకెవరికైనా ఉపయోగపడుతుందని మళ్ళీ రాస్తున్నాను: 21116, టీసీపీ, యూడీపీ రెండూ, రెండు చోట్లా.

జూలై 3

క్లయింట్ తయారీ, అంటే అవతలివాళ్ళ సిస్టమ్‌లో నడిచే ప్రోగ్రాం. రస్ట్‌డెస్క్‌లో నాకు బాగా నచ్చిన సదుపాయం ఒకటుంది. సర్వర్ చిరునామా, కీ (అది నా సర్వరేనని గుర్తుపట్టే అక్షరాల వరస) రెండింటినీ ఆ ప్రోగ్రాం ఫైలు పేరులోనే పెట్టేయవచ్చు. దాన్ని నడిపిస్తే తన పేరు తానే చదువుకుని నా సర్వర్‌కు వస్తుంది. అవతలి మనిషి సెట్టింగుల్లోకి వెళ్ళి ఏమీ నింపక్కర్లేదు.

కానీ నా కీలో ఒక ఏటవాలు గీత పడింది. విండోస్ ఫైలు పేర్లలో ఆ గుర్తు ఒప్పుకోదు. సర్వర్‌లో పాత కీ ఫైళ్ళు చెరిపి, మళ్ళీ మొదలుపెడితే కొత్త కీ పుడుతుంది. మూడోసారికి గీత లేని కీ వచ్చింది. అదే ఫైలును ఒకే ఫోల్డర్‌లోకి రెండుసార్లు దించితే బ్రౌజర్ పేరు చివర ఒక అంకె తగిలిస్తుంది, అప్పుడు కీ తప్పుగా చదువుతుంది. అందుకని కీ తర్వాత ఒక కామా పెట్టాను. ఇప్పుడు వెనక ఏం తగిలినా కీ చెడదు.

జూలై 6

ఇవాళ ఒక పెద్ద నిర్ణయం మార్చుకున్నాను.

మొదట అనుకున్నది ఇది: ఒక చిన్న వెబ్ పేజీ, మధ్యలో ఒక పెద్ద బొత్తాం, నొక్కితే ఫైలు దిగుతుంది. ఎవరికైనా వాట్సాప్‌లో లింకు పంపితే చాలు. మా చెల్లెలి సిస్టమ్ మీద పరీక్షిస్తే విండోస్ నీలం రంగు హెచ్చరిక చూపించింది, ఇది ఎవరిదో తెలియని ప్రోగ్రాం, నడపొద్దు అని. చిన్న అక్షరాల మీద నొక్కి ‘అయినా నడుపు’ అంటేనే ముందుకు వెళుతుంది. “అది పట్టించుకోకు, నొక్కెయ్” అని చెల్లెలికి చెప్పాను. చెప్పిన తర్వాత చాలాసేపు అదే ఆలోచన. విండోస్ సరైన మాటే చెప్పింది. దాన్ని పట్టించుకోవద్దని నేను నేర్పుతున్నాను. నేను నేర్పిన ఆ అలవాటు రేపు ఇంకెవడికో ఉపయోగపడుతుంది.

లింకు వద్దు. డౌన్‌లోడ్ వద్దు. సర్వీసుకు షాపుకొచ్చిన ప్రతి సిస్టమ్‌లో నేనే, వాళ్ళకు చెప్పి, వాళ్ళ ముందే ఇన్‌స్టాల్ చేసి పంపుతాను. డెస్క్‌టాప్ మీద ఐకాన్ పేరు తెలుగులో ‘సహాయం’. పని నెమ్మదిగా పాకుతుంది, పర్లేదు.

ఇన్‌స్టాల్ చేయడంలో ఇంకో లాభం ఉంది. ఏదైనా మార్పు చేయబోతే ‘ఈ యాప్‌ను అనుమతిస్తారా’ అని విండోస్ తెర మసకచేసి అడుగుతుంది. ఆ పెట్టె వేరే రక్షిత తెర మీద వస్తుంది, మామూలు ప్రోగ్రాములు దాన్ని చూడలేవు, నొక్కలేవు. వైరస్ తనంతట తాను ‘అవును’ నొక్కుకోకుండా పెట్టిన ఏర్పాటు అది. ఊరికే నడిపిన క్లయింట్‌లో ఆ సమయానికి నాకేమీ కనిపించదు. సర్వీసుగా ఇన్‌స్టాల్ చేస్తే కనిపిస్తుంది.

సర్వీసు అంటే ఎప్పుడూ నడుస్తూ ఉండేది. అందుకే తలుపుకు గట్టి గొళ్ళెం కావాలి. శాశ్వత పాస్‌వర్డ్ పెట్టలేదు. పాస్‌వర్డ్‌తో లోపలికి రావడం అనేదే మూసేశాను, అవతలి మనిషి ‘ఒప్పుకుంటున్నాను’ అని నొక్కితేనే కనెక్షన్. ఫైళ్ళు పంపుకోవడం, మైకు, క్లిప్‌బోర్డు మూడూ ఆపేశాను.

జూలై 11

పెద్దమ్మ వాళ్ళ ఊరు అంతర్వేది దగ్గర. మనవడు గల్ఫ్‌లో ఉన్నాడు, అతనితో మాట్లాడటానికి ఒక పాత లాప్‌టాప్. నెట్ ఫోన్ హాట్‌స్పాట్ మీద, అది కూడా కిటికీ దగ్గర పెడితేనే.

కనెక్షన్ వచ్చింది కానీ నేను మౌస్ కదిపిన రెండు సెకన్లకు అక్కడ కదులుతోంది. నాణ్యత తగ్గించాను. కోడెక్ (స్క్రీను బొమ్మను కుదించి పంపే పద్ధతి) ఏవీ1 మీద ఉంది, ఆ పాత ప్రాసెసర్ దాన్ని మోయలేక ఉక్కిరిబిక్కిరి అవుతోంది. వీపీ8కి మార్చాను, నయమైంది. వాల్‌పేపర్ తీసేస్తే పంపాల్సిన బొమ్మ తేలికవుతుందని, కనెక్షన్ ఉన్నంతసేపు వాల్‌పేపర్ దాచే ఆప్షన్ కూడా వేశాను.

వెంటనే ఫోన్లో పెద్దమ్మ గొంతు వణికింది. “నాన్నా, స్వామి పోయాడ్రా!”

ఆ వాల్‌పేపర్ అంతర్వేది లక్ష్మీనరసింహ స్వామి. రోజూ లాప్‌టాప్ తెరవగానే దణ్ణం పెట్టుకుంటుంది. నేను చెప్పాపెట్టకుండా తీసేసినది ఆ బొమ్మను. క్షమాపణ చెప్పి వెంటనే వెనక్కి తెచ్చాను. ఆ ఆప్షన్ ఇక ఎవరి సిస్టమ్‌లోనూ వేయను. బొమ్మ కోసం కాస్త నెమ్మదిగా నడిచినా నాకు అభ్యంతరం లేదు. అది ఆవిడ ఇల్లు, నేను చుట్టంగా వెళ్ళినవాణ్ణి.

ఆ రోజే ఇంకోటి కూడా మార్చాను. ధ్వని సరిచేయడానికి నేను చకచకా నాలుగు చోట్ల నొక్కేసరికి పెద్దమ్మకు ఏమీ అర్థం కాలేదు. “నువ్వు పరిగెడుతుంటే నేను వెనక ఎలా వస్తాను?” అంది. రెండోసారి మౌస్ ఆవిడకే ఇచ్చి, నేను బాణాన్ని ఊరికే చూపించాల్సిన చోట పెట్టి ఆపాను. “ఇదా?” “ఆ, అదే.” ఎనిమిది నిమిషాలు పట్టింది. నిన్న మనవడి కాల్‌లో ధ్వని పోతే తనే సరిచేసుకుందట. ఇప్పటినుంచి ప్రతి కనెక్షనూ చూడటంతోనే మొదలవుతుంది. కీబోర్డు, మౌస్ అనుమతులు అవసరమైతేనే, అదీ అడిగి.

జూలై 15

శ్రావణ మాసం పెళ్ళి కార్డుల హడావిడి. మా వీధి చివర డీటీపీ షాపు తమ్ముడు రావులపాలెంలో ఇంకో బ్రాంచి పెట్టాడు. అక్కడి కుర్రాడు కొత్తవాడు, పేజ్‌మేకర్‌లో కార్డు తెరిస్తే తెలుగు స్థానంలో ఇంగ్లీషు అక్షరాలూ వింత గుర్తులూ. పెళ్ళికూతురి తండ్రి కౌంటర్ దగ్గర నిలబడి ఉన్నారు.

నేను అమలాపురం నుంచే చూశాను. ఇది తెలిసినవాళ్ళకు చిన్న విషయం, తెలియనివాళ్ళకు పెద్ద టెన్షన్. మన డీటీపీ షాపుల్లో వాడే అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లీషు అక్షరాల గదుల్లోనే తెలుగు ముక్కలు కూర్చుని ఉంటాయి. ‘శ్రీ’ అని మన కంటికి కనిపించేది ఫైలు లోపల ఏదో గుర్తు మాత్రమే. ఆ ఫాంట్ సిస్టమ్‌లో లేకపోతే గుర్తు గుర్తుగానే బయటపడుతుంది. కార్డు చేసిన ఫాంట్ అమలాపురం సిస్టమ్‌లో ఉంది, రావులపాలెం దానిలో లేదు. వాళ్ళు కొన్న సీడీ అక్కడే బీరువాలో ఉంది, అందులోంచి ఆ కుర్రాడిచేతే వేయించాను. కార్డు తెరుచుకుంది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. పెళ్ళికొడుకు ఇంటిపేరులో ఒక వత్తు తప్పు పడింది. అనులో తెలుగు కొట్టే కీల అమరికల్లో ‘ఆపిల్’ ఒకటి, కుర్రాడికి ఆ లేఅవుట్ ఇంకా చేతికి రాలేదు, నన్నే కొట్టమన్నాడు. నేను ఇక్కడ కొడితే అక్కడ ఏదో పడుతోంది. కారణం కీబోర్డు మోడ్. ‘ట్రాన్స్‌లేట్’ మోడ్‌లో నా సిస్టమ్ ముందే దాన్ని ఒక అక్షరంగా మార్చి ఆ అక్షరాన్ని పంపుతుంది. అను లాంటి ప్రోగ్రాముకు అక్షరం అక్కర్లేదు, ఏ కీ నొక్కారో కావాలి. ‘మ్యాప్’ మోడ్‌కు మార్చాను, అది కీ స్థానాన్నే పంపుతుంది. నేను ఇక్కడ నొక్కిన కీ అక్కడ నొక్కినట్టే అయింది, వత్తు సరిగ్గా కింద కూర్చుంది.

తెలుగు డీటీపీ వాళ్ళకు దూరం నుంచి సాయం చేసే ఎవరైనా ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలని నా కోరిక. ఈ విషయం నాకు ఎక్కడా రాసి కనిపించలేదు, అందుకే ఇంత వివరంగా రాశాను.

జూలై 19

మా ఊరి కుర్రాళ్ళ చదువుకునే గదిలో విండోస్ కాదు, ఉబుంటు లినక్స్ సిస్టమ్. కనెక్ట్ అయితే అక్కడ ఏ స్క్రీను పంచుకోవాలో ఎంచుకోమని ప్రతిసారీ అడుగుతోంది. అది తెరను నడిపే కొత్త ఏర్పాటు, వేలాండ్ పద్ధతి. లాగిన్ చేసేటప్పుడు పళ్ళచక్రం గుర్తు నొక్కి పాత ఏర్పాటు ఎక్స్‌ఆర్గ్ ఎంచుకోమన్నాను. సరిపోయింది.

జూలై 24

ఈ పని ఆపేద్దామా అని ఇవాళ మొదటిసారి అనిపించింది.

మా హైస్కూలు లెక్కల మాస్టారు మధ్యాహ్నం ఫోన్ చేశారు. “ఏరా, నీ సహాయం వాడు ఫోన్ చేశాడు. బ్యాంకు కేవైసీ ఆగిపోయిందట. ఫోన్లో ఏదో యాప్ వేయించాడు, తొమ్మిది అంకెల నంబరు చెప్పమంటున్నాడు. నీ దగ్గరవాడేనా అని అడుగుదామని ఇంటి ఫోన్ నుంచి చేస్తున్నాను. వాడు సెల్‌లో లైన్లోనే ఉన్నాడు.”

నాకు చెమటలు పట్టాయి. “మాస్టారూ, ముందు సెల్ కట్ చేయండి. నెట్ ఆపేయండి. నంబరు చెప్పొద్దు.” ఆయన చెప్పలేదు. చెప్పబోతూ ఆగారు. యాప్ తీసేయించి, బ్యాంకు శాఖకు వెళ్ళి ఖాతా చూపించుకోమన్నాను. సాయంత్రం ఫోన్ చేశారు, ఒక్క రూపాయి పోలేదు.

డబ్బు పోలేదు కానీ నా మనసు కుదుటపడలేదు. మాస్టారు నలభై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినవారు. తెలివితక్కువతనం కాదు. వేరేవాడు ఎక్కడినుంచో తన స్క్రీను చూడటం, మౌస్ కదపడం మామూలు విషయమేనని ఆయనకు నేర్పింది నేను. నంబరు చదివి చెప్పడం నేర్పింది నేను. రెండు వారాల క్రితం ఆయన డెస్క్‌టాప్ మీద ‘సహాయం’ పెట్టి, “మాస్టారూ, ఐడీ చదివితే చాలు, మిగతాది మేం చూసుకుంటాం” అన్నది నేను. ఆ అపరిచితుడు నేను వేసిన దారిలోనే నడిచి వచ్చాడు.

ఈ రకం మోసం కొత్తదేమీ కాదు. ఇలాంటి యాప్ ఫోన్లో వేయించి, యూపీఐ ద్వారా డబ్బు లాగేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. నాకు తెలుసు. తెలిసి కూడా నా ఏర్పాటుకూ దానికీ సంబంధం ఉందని ఆలోచించలేదు. నా గొళ్ళేలన్నీ నా సాఫ్ట్‌వేర్‌కు వేసుకున్నాను. మనిషి అలవాటుకు వేయలేదు.

జూలై 26

ఆపేయడం లేదు. నేను ఆపేసినంత మాత్రాన ఆ ఫోన్లు ఆగవు, లారీ మాత్రం మళ్ళీ గుమ్మంలో నిలబడుతుంది. మార్చాల్సినవి మార్చాను.

అన్నిటికన్నా ముఖ్యం: మేం ఎప్పుడూ ముందుగా ఫోన్ చేయం. ఎప్పుడైనా సరే, మీరే మాకు చేయాలి. మా షాపు పేరు చెప్పి ఎవరు చేసినా పెట్టేసి, షాపు నంబరుకు మీరే తిరిగి చేయండి. ఈ రెండు ముక్కలు పెద్ద అక్షరాలతో కార్డు మీద అచ్చు వేయించాను. మానిటర్ కింద అంచుకు అతికించి, యజమాని చేత ఒకసారి గట్టిగా చదివించి గాని సిస్టమ్ బయటకు పంపను. కార్డు అచ్చు వేసింది డీటీపీ తమ్ముడే, డబ్బు తీసుకోలేదు.

కార్డు మీద ఇంకో వరుస కూడా ఉంది. ‘సహాయం’ కంప్యూటర్‌కే, ఫోన్‌కు లేదు. ఫోన్లో యాప్ వేయమన్నవాడు మావాడు కాడు. కింద 1930, సైబర్ మోసాలకు ఫోన్ చేయాల్సిన నంబరు. డబ్బు పోయిన వెంటనే చేస్తే ఆ సొమ్ము చేతులు మారకుండా ఆపే అవకాశం ఉంటుంది, ఆలస్యం చేసినకొద్దీ తగ్గుతుంది.

ఐడీ నంబరు చదివించడం కూడా మానేశాను. ప్రతి సిస్టమ్ ఐడీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడే నా పుస్తకంలో రాసుకుంటున్నాను. వాళ్ళు ఫోన్ చేసి “సిస్టమ్ చూడండి” అంటే చాలు, నంబరు నా దగ్గరే ఉంటుంది. స్క్రీను మీది నంబరు ఫోన్లో చదవడం అనే అలవాటే వాళ్ళకు ఉండకూడదు. దీనివల్ల వాళ్ళకు పని ఇంకా తగ్గింది కూడా.

ఇంకా ఒకటి. పాస్‌వర్డో ఓటీపీయో కొట్టాల్సి వస్తే ముందు ఎర్ర బొత్తాం నొక్కి నన్ను బయటకు పంపాలి. ఇది మాటల్లో చెబితే సరిపోదు. ఇన్‌స్టాల్ చేసిన రోజు నేను పక్కగదిలో కూర్చుని కనెక్ట్ అవుతాను, వాళ్ళు నన్ను తెంపాలి. మూడుసార్లు. కొందరు మొహమాటపడతారు. “మిమ్మల్ని ఎలా పంపేస్తామండీ?” అంటారు. మన గోదావరి వాళ్ళకు ఇంటికొచ్చినవాణ్ణి పొమ్మనడం రాదు. అందుకే మూడుసార్లు చేయిస్తున్నాను. మాస్టారి చేత ఐదుసార్లు చేయించాను.

ఆగస్టు 9

భద్రాచలం నుంచి నీళ్ళు దిగుతున్నాయి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. రెండోది 13.75 దగ్గర, ఈ రాత్రికి వస్తుందేమో అంటున్నారు. పి.గన్నవరం అవతల లంకలకు వెళ్ళే కాజ్‌వే నిన్ననే మునిగింది, రాకపోకలు పడవల మీదే.

సాయంత్రం నాలుగింటికి ఆ లంకల్లో ఒకదాని నుంచి ఒకమ్మాయి ఫోన్. వాళ్ళ నాన్న కూరగాయల రైతు, అరటి గెలలు కూడా వేస్తారు. జూలైలో వాళ్ళ పాత డెస్క్‌టాప్‌కు ర్యామ్ వేసి, ‘సహాయం’ పెట్టి ఇచ్చాను. “అండీ, ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ ఆప్షన్లు పెట్టడానికి రేపే ఆఖరండి. ఏ సైటు తెరిచినా మీ కనెక్షన్ సురక్షితం కాదు అంటోందండి. నెట్ ఉందండి, ఫోన్ కేబుల్‌తో కలిపాను.”

పడవ మీద వెళ్ళే పని కాదు, చీకటి పడితే పడవలు కూడా నడపరు. ఐడీ పుస్తకంలోంచి తీసి కొట్టాను. ఆ అమ్మాయి ఒప్పుకున్నాను అని నొక్కింది. కనెక్షన్ నేరుగా కాక నా సర్వర్‌లోని రిలే (హెచ్‌బీబీఆర్) మీదుగా వచ్చింది, నెమ్మదిగానే గాని నిలకడగా.

కింద కుడి మూల చూడగానే తెలిసింది. తేదీ 2010 జనవరి 1. మదర్‌బోర్డు మీది బ్యాటరీ అయిపోయింది. మామూలుగా అయితే బయటపడేది కాదు, వరద వల్ల కరెంటు పోయి వస్తుండటంతో పోయినప్పుడల్లా గడియారం మొదటికి వెళుతోంది. వెబ్‌సైట్లకు ఉండే ధ్రువపత్రాలకు మొదలు తేదీ, ముగింపు తేదీ ఉంటాయి. 2010లో ఉన్నాననుకుంటున్న సిస్టమ్‌కు అవన్నీ ఇంకా పుట్టనివి, అందుకే బ్రౌజర్ నమ్మడం లేదు. నా సర్వర్‌తో మాట్లాడేటప్పుడు రస్ట్‌డెస్క్ తేదీ చూడదు, కీ సరిపోయిందా లేదా అనే చూస్తుంది. బ్రౌజర్‌కు మూసుకుపోయిన దారి మాకు తెరిచే ఉంది. నేను ఆలోచించి పెట్టింది కాదు, కానీ ఇవాళ అదే ఆదుకుంది.

బాణాన్ని గడియారం మీద పెట్టి ఆపాను. “అక్కడ కుడి బొత్తాం నొక్కమ్మా.” తేదీ తనే మార్చింది. సైటు తెరుచుకుంది. అటువైపు నుంచి వాళ్ళ అమ్మగారి గొంతు, “వచ్చిందా?” అని. మొత్తం ఆరు నిమిషాలు.

లాగిన్ పేజీ కనిపించింది. ఇక పాస్‌వర్డ్ కొట్టాలి, నన్ను ఆపెయ్ అని చెబుదామని నోరు తెరిచాను. అంతలో తెర నల్లబడింది. కరెంటు పోయిందేమో, నెట్ పోయిందేమో అని కంగారుపడ్డాను.

“ఏమైందమ్మా?”

“ఏం లేదండి. నేనే ఆపేశాను. పాస్‌వర్డ్ కొట్టాలి కదండీ.”

నీళ్ళు తీశాక ఆ లంకకు వెళ్ళాలి. ఒక సీఆర్2032 బ్యాటరీ వేసి రావాలి, అది మాత్రం ఇక్కడినుంచి కుదరదు. ఈలోగా కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ మార్చుకోమని చెప్పాను, ఎక్కడ నొక్కాలో తనకు తెలుసు.